జలాశయం ఎవరి పేరున ఉంది? అమెరికా పశ్చిమాన యాజమాన్య బదిలీ చరిత్ర



మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 17వ అంశం నీటి సరఫరా, సాగునీరు, కాలువలు, గట్లు, నీటి నిల్వలకు సంబంధించినది. అందుకే మన దేశంలో పెద్ద డ్యాములు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాలవి. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్, భాక్రా బియాస్ బోర్డు లాంటివి మినహాయింపులు. ఈ అలవాటుతో అమెరికా పటం చూస్తే తికమక పడతాం. అక్కడ పశ్చిమాన ఉన్న 17 రాష్ట్రాలలో వందల జలాశయాలు నేరుగా కేంద్ర ప్రభుత్వం పేరున ఉన్నాయి. వాటిని కట్టించిన సంస్థ బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. కొలరాడో నది మీది హూవర్ డ్యాము, కొలంబియా నది మీది గ్రాండ్ కూలీ దాని నిర్మాణాలే. ఈ సంస్థ పేరు తెలుగువారికి మరీ కొత్తది కాదు. 1940లలో గోదావరి మీద పోలవరం దగ్గర రామపాదసాగర్ కట్టాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టినప్పుడు సలహా కోసం పిలిచిన విదేశీ నిపుణులలో ఈ బ్యూరోకు చెందిన ఇంజనీరు జాన్ సావేజ్ ఒకరు.

అలా కేంద్రం కట్టి, కేంద్రం పేరున ఉన్న జలాశయాన్ని ఆ నీళ్లు వాడుకునే స్థానిక సంస్థకు హక్కుపత్రంతో సహా రాసి ఇవ్వవచ్చా? ఇస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఈ ప్రసంగంలో ఆ సంగతి చూద్దాం. ఇది పైకి రిజిస్ట్రారు ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి వెళితే, ప్రజాధనంతో కట్టిన ఆస్తి ఎప్పటికి, ఎలా, ఎవరి సొంతం అవుతుందన్న ప్రశ్న ఎదురవుతుంది.

1902 నాటి మాట

1902 జూన్ 17న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ రిక్లమేషన్ చట్టం మీద సంతకం చేశాడు. పశ్చిమ రాష్ట్రాలలో ప్రభుత్వ భూములు అమ్మగా వచ్చిన డబ్బును ఒక నిధిగా పెట్టి, దానితో డ్యాములు, కాలువలు కట్టాలని అందులో ఉంది. నీళ్లు అందుకున్న రైతు తన వాటా నిర్మాణ ఖర్చును పదేళ్ల వాయిదాలలో తిరిగి కట్టాలి. వడ్డీ లేదు. ఒక్కొక్క యజమానికి 160 ఎకరాలకు మించి నీళ్లు ఇవ్వరాదు. చిన్న రైతు కుటుంబాలతో ఎడారిని నింపాలన్నది నాటి ఆశయం.

ఆ చట్టంలోని ఆరో సెక్షన్ మన కథకు మూలం. బాకీలో ఎక్కువ భాగం తీరిపోయాక కాలువల నిర్వహణ రైతుల చేతికి వెళుతుందని అది చెప్పింది. వెంటనే ఒక మెలిక పెట్టింది. జలాశయాల మీద హక్కు, వాటి నిర్వహణ మాత్రం కాంగ్రెసు వేరే విధంగా నిర్ణయించే దాకా ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. ఈ ఒక్క వాక్యం వల్లనే తర్వాతి వందేళ్లలో బాకీ మొత్తం కట్టేసిన రైతులకు కూడా జలాశయం సొంతం కాలేదు. ఇల్లు కొన్నవాడు అప్పు తీరగానే బ్యాంకు నుంచి దస్తావేజులు తెచ్చుకుంటాడు. ఇక్కడ అప్పు తీరినా దస్తావేజు ప్రభుత్వం బీరువాలోనే ఉండిపోతుంది.

బాకీ మాత్రం అనుకున్నట్టు తీరలేదు. ఎడారి నేలను చదును చేయడానికి, ఉప్పు వదిలించడానికి రైతులకు ఏళ్లు పట్టింది. 1914లో గడువును 20 ఏళ్లకు పెంచారు. 1926లో 40 ఏళ్లు చేశారు, పనికిరాని భూములకు సంబంధించిన బాకీని కొట్టివేశారు కూడా. 1939 చట్టం రైతు చెల్లించగలిగిన శక్తిని బట్టి వాయిదాను నిర్ణయించే పద్ధతికి చోటిచ్చింది. రైతు కట్టలేని భాగాన్ని జలవిద్యుత్తు అమ్మకం రాబడి నుంచి పూడ్చడం మామూలైంది. అమెరికా కాంగ్రెసుకు లెక్కలు చూసిపెట్టే కార్యాలయం 1996లో తేల్చిన అంకెలు గుర్తు పెట్టుకోదగినవి. 1994 సెప్టెంబరు నాటికి సాగునీరు ఇచ్చే 133 ప్రాజెక్టుల నిర్మాణానికి అయిన ఖర్చు 2,180 కోట్ల డాలర్లు. అందులో సాగు వాటాగా లెక్కకట్టింది 710 కోట్లు. మినహాయింపులన్నీ పోగా రైతులు కట్టవలసిందిగా మిగిలింది దాదాపు 340 కోట్లు. వారు అప్పటికి కట్టింది 94.5 కోట్లు. వడ్డీ లేని అప్పు నలభై ఏళ్లు నడిస్తే అసలు అప్పులో ఎంత భాగం నిజంగా దానమో మీరే ఊహించండి. ఇకముందు వచ్చే వాదనలలో ఈ లెక్క మాటిమాటికీ అడ్డం వస్తుంది.

డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఇరిగేషన్ డిస్ట్రిక్ట్, వాటర్ డిస్ట్రిక్ట్ అన్న పేర్లు విని మన కలెక్టరుగారి జిల్లా అనుకోవద్దు. అది నీటి కోసం మాత్రమే ఏర్పడిన స్థానిక ప్రభుత్వం. కాలిఫోర్నియాలో 1887 నాటి రైట్ చట్టం దీనికి దారి వేసింది. ఒక ప్రాంతంలోని వారు ఓట్లు వేసి డిస్ట్రిక్ట్ ఏర్పరచుకోవచ్చు, పాలకమండలిని ఎన్నుకోవచ్చు, భూముల మీద పన్ను వేయవచ్చు, బాండ్లు అమ్మి అప్పు తేవచ్చు. మన పంచాయతీకి నీటిపారుదల శాఖలో కొంత భాగం, బ్యాంకులో పరపతి కలిపితే ఎలా ఉంటుందో సుమారుగా అలా ఉంటుంది.

1920ల నుంచి బ్యూరో చాలా చోట్ల కాలువలు, కొన్ని చోట్ల డ్యాములు కూడా నడిపే పనిని ఈ డిస్ట్రిక్టులకు అప్పగించింది. తూము ఎప్పుడు ఎత్తాలి, లస్కరుకు జీతం ఎవరివ్వాలి అన్నవి డిస్ట్రిక్టే చూసుకుంటుంది. దస్తావేజు మాత్రం కేంద్రానిది. దీని వల్ల రోజువారీ పనిలో చికాకులు పుట్టాయి. కాలువ గట్టు మీదుగా ఒక పైపు వేయాలన్నా, పక్కనే ఇళ్లు కట్టేవారికి దారి ఇవ్వాలన్నా కేంద్రం అనుమతి రావాలి. పాతబడిన కట్టడాన్ని బాగుచేయడానికి డిస్ట్రిక్ట్ అప్పు తేవాలంటే, తనది కాని ఆస్తి మీద అప్పు ఎవరిస్తారు?

మన వైపు 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టాన్ని ఇక్కడ పోల్చి చూడవచ్చు. ఆ ఏడాది జూన్‌లో ఒకేసారి 10,292 నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. పంట కాలువల పూడిక తీయడం, వంతుల ప్రకారం నీళ్లు పంచడం సంఘాల పని. కాలువ సంఘానికి సొంతం కాలేదు, డ్యాము మాట సరేసరి. అప్పగించింది నిర్వహణ మాత్రమే. అమెరికా 1920లలో వేసిన అడుగును మనం 1997లో వేశాం. యాజమాన్యం అన్నది దానికి పైమెట్టు.

1995లో తలుపు తెరుచుకోవడం

ఆ పైమెట్టు అమెరికాలో 1990లలో వచ్చింది. బ్యూరో కమిషనరుగా ఉన్న డేనియల్ బియర్డ్ 1994లో, అమెరికాలో డ్యాములు కట్టే యుగం ముగిసిందని అంతర్జాతీయ సభలోనే చెప్పాడు. కట్టడం ఆగిపోయిన సంస్థ దగ్గర నిర్వహణ మిగులుతుంది. క్లింటన్ ప్రభుత్వం ఉపాధ్యక్షుడు అల్ గోర్ నాయకత్వంలో కేంద్రాన్ని చిన్నది చేసే కార్యక్రమం నడుపుతున్న రోజులవి. 1995లో బ్యూరో ఒక విధానపత్రం ప్రకటించింది. ఒక ప్రాంతానికే పరిమితమైన, చిక్కులు లేని కట్టడాలను కోరిన స్థానిక సంస్థలకు రాసి ఇస్తామంది. ఖజానాకు నష్టం రాకూడదు, కేంద్ర చట్టాలు, అంతర్రాష్ట్ర ఒప్పందాలు, విదేశాలతో సంధులు చెడకూడదు, ఆదివాసీ తెగల పట్ల కేంద్రానికి ఉన్న ధర్మకర్త బాధ్యత నెరవేరాలి. ఇవి దాని షరతులు. అయినా ప్రతి బదిలీకీ కాంగ్రెసు విడిగా ఒక చట్టం చేయాల్సిందే. 1902 నాటి మెలిక అలాగే ఉంది కదా.

ధర ఎలా కట్టారో చూడండి. డ్యామును ఈరోజు కట్టాలంటే ఎంతవుతుందన్నది లెక్క కాదు. డిస్ట్రిక్ట్ ఇంకా కట్టవలసిన వాయిదాల నేటి విలువే లెక్క. ఒక చిన్న ఉదాహరణ తీసుకోండి. ఏడాదికి లక్ష రూపాయల చొప్పున ఇంకా పది వాయిదాలు ఉన్నాయనుకుందాం. మొత్తం పది లక్షలు. కానీ పదేళ్ల తర్వాత వచ్చే లక్ష ఈరోజు చేతిలో ఉన్న లక్షతో సమానం కాదు. 6 శాతం వడ్డీ రేటున వెనక్కి లెక్కిస్తే ఆ పది వాయిదాల నేటి విలువ సుమారు 7 లక్షల 36 వేలు. ఆ మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తే ఖజానాకు నష్టం లేదు, లాభం లేదు. లెక్కగా ఇది సరైనదే. అయితే ఆ వాయిదాలను మొదట నిర్ణయించినప్పుడే వడ్డీ లేదన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా కనబడదు. విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా ఈ చోటునే, వారి పట్టు బలంగానే ఉందని నాకు తోస్తుంది.

స్లై పార్క్

ఇప్పుడు ఒక జలాశయాన్ని దగ్గరగా చూద్దాం. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి తూర్పున, సియెర్రా నెవాడా కొండల వాలులో ఎల్ డొరాడో కౌంటీ ఉంది. 1848 జనవరిలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించిన కొలోమా ఈ కౌంటీలోనిదే. బంగారం కడగడానికి నీళ్లు కావాలి గనుక గనులవాళ్లు కొండల వెంట కాలువలు తవ్వారు. బంగారం అడుగంటాక ఆ నీటి మీద పండ్ల తోటలు, ముఖ్యంగా పియర్ తోటలు, లేచాయి. 1925లో ఎల్ డొరాడో ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. వేసవిలో నీళ్లు చాలక కేంద్రాన్ని అడిగింది. 1949లో కాంగ్రెసు అనుమతించింది, 1955 నాటికి బ్యూరో స్లై పార్క్ డ్యాము పూర్తి చేసింది. దాని వెనుక నిలిచిన నీటికి జెంకిన్సన్ సరస్సు అని పేరు. నిల్వ సామర్థ్యం సుమారు 41,000 ఎకరపు అడుగులు. మన లెక్కలో 1.8 టి.ఎం.సి.కి కాస్త తక్కువ. నాగార్జునసాగర్ పక్కన పెడితే చెరువులాంటిది.

బ్యూరో దీనిని సెంట్రల్ వ్యాలీ ప్రాజెక్టులో ఒక భాగంగా చేర్చింది. షాస్టా, ఫోల్సమ్ లాంటి మహా జలాశయాలున్న ప్రాజెక్టు అది. కానీ స్లై పార్క్ నీళ్లు ఆ పెద్ద కాలువలకు పోవు. కొండమీదనే పుట్టి, క్యాంప్ క్రీక్ నుంచి సొరంగం ద్వారా వచ్చే నీటితో కలిసి, అక్కడే ఖర్చవుతాయి. పెద్ద ప్రాజెక్టుతో దీనికున్న సంబంధం ఖాతా పుస్తకంలోనిదే. 1950ల చివర పియర్ చెట్లకు తెగులు సోకి తోటలు దెబ్బతిన్నాయి. కొందరు రైతులు ఆపిల్‌కు మారారు. ఆ తర్వాత శాక్రమెంటో నగరం కొండల వైపు పాకింది. పేరులో ఇరిగేషన్ ఉన్నా డిస్ట్రిక్ట్ ప్రధానంగా ఇళ్లకు నీళ్లిచ్చే సంస్థగా మారిపోయింది. ఎదుగుతున్న ఊళ్లకు నీటి పథకం వేసుకోవాలనుకునేవారు, తమ ముఖ్యమైన జలాశయం మీద నిర్ణయం దూరాన ఉన్న కేంద్ర సంస్థ చేతిలో ఉండటాన్ని ఇబ్బందిగా భావించడంలో వింత లేదు.

2000 సంవత్సరంలో కాంగ్రెసు చట్టం చేసింది. బదిలీ జరిగింది 2003 డిసెంబరులో. ఇలాంటి బదిలీలో చట్టం వచ్చాక కూడా చేయవలసిన పని చాలా ఉంటుంది. 1969 నాటి జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రకారం ప్రభావాలను పరిశీలించాలి. 1966 నాటి చారిత్రక సంపద పరిరక్షణ చట్టం కింద పాత కట్టడాలు, ఆదివాసీ అవశేషాలు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. భూమి హద్దులు కొలవాలి. మూడేళ్ల తర్వాత డ్యాము, సరస్సు, చుట్టూ ఉన్న విహార స్థలం డిస్ట్రిక్టువి అయ్యాయి. పడవలు, గుడారాలతో వచ్చే సందర్శకుల దగ్గర రుసుము తీసుకునేదీ డిస్ట్రిక్టే. అదే 2003లో పొరుగు కౌంటీలో ఇంతకన్నా చిన్నదైన షుగర్ పైన్ జలాశయం ఫారెస్ట్‌హిల్ అనే చిన్న ఊరి నీటి సంస్థకు దక్కింది. దాని నిల్వ 7,000 ఎకరపు అడుగులు కూడా ఉండదు.

హక్కుతో పాటు వచ్చేది

దస్తావేజుతో పాటు పూచీ కూడా చేతులు మారుతుంది. దీనిని అర్థం చేసుకోవాలంటే ఇడాహో వెళ్లాలి. 1976 జూన్ 5న బ్యూరో కొత్తగా కట్టిన టీటన్ డ్యాము మొదటిసారి నిండుతుండగానే తెగిపోయింది. 11 మంది చనిపోయారు, వేల పశువులు కొట్టుకుపోయాయి. నష్టపరిహారం కేంద్రం చెల్లించింది. 1978లో డ్యాముల భద్రత చట్టం వచ్చింది. 1984 సవరణ తర్వాత పాత డ్యాముకు భద్రత కోసం చేసే మార్పుల ఖర్చులో లబ్ధిదారుల వాటా 15 శాతం, మిగతాది కేంద్రానిది. డ్యాము డిస్ట్రిక్ట్ పేరున మారిన రోజు నుంచి ఈ 85 శాతం ఆసరా పోతుంది. భూకంపాలు వచ్చే కాలిఫోర్నియాలో ఇది చిన్న విషయం కాదు. డ్యాము భద్రతను ఆపైన రాష్ట్ర ప్రభుత్వ అధికారులు తనిఖీ చేస్తారు. బాగుచేయమంటే డబ్బు నీటి బిల్లుల నుంచే రావాలి.

సొంతదారు అంటే ఏమిటో ఎల్ డొరాడో డిస్ట్రిక్టుకు మరో చోట తెలిసివచ్చింది. 1999లో అది ఒక విద్యుత్తు కంపెనీ నుంచి పాత జలవిద్యుత్తు వ్యవస్థను, దాని కొండ కాలువను కొన్నది. 2021లో కాల్డోర్ కార్చిచ్చు ఆ కాలువలోని చెక్క భాగాలను కాల్చివేసింది. తిరిగి కట్టించుకునే బరువు డిస్ట్రిక్ట్ మీద పడింది.

చర్చలో కుర్చీ లేనివారు

ఇంతవరకు రెండు పక్షాల మాటే చెప్పుకున్నాం. మూడో పక్షం ఉంది. నెవాడాలో 1905లో ట్రకీ నది మీద డెర్బీ డ్యాము కట్టారు. కొత్త చట్టం కింద వచ్చిన తొలి నిర్మాణాలలో అది ఒకటి. నది నీటిని మళ్లించి ఫాలన్ ప్రాంతపు పొలాలకు పంపారు. ఆ నది చివర పిరమిడ్ లేక్ ఉంది, దాని ఒడ్డున పైయూట్ తెగవారి రక్షిత ప్రాంతం ఉంది. 1960ల నాటికి ఆ సరస్సు మట్టం సుమారు 80 అడుగులు పడిపోయింది. పక్కనున్న విన్నెమక్కా సరస్సు 1930ల చివరికి పూర్తిగా ఎండిపోయింది. తెగవారి జీవనాధారమైన ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కలేక అంతరించాయి. తమకు నీళ్లు కావాలంటూ జరిగిన వ్యాజ్యంలో 1983లో సుప్రీంకోర్టు తెగకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 1944 నాటి డిక్రీని తిరగదోడడానికి వీల్లేదంది. ప్రాజెక్టు నీటి హక్కు విషయంలో ప్రభుత్వం నామమాత్రపు హక్కుదారు అనీ, నీటిని వాడుకునే భూమి యజమానులదే నిజమైన ప్రయోజనమనీ కూడా చెప్పింది.

దీనిని బదిలీ వాదనతో కలిపి చదవండి. డిస్ట్రిక్టులు ఈ తీర్పును చూపి, నీళ్లు ఎలాగూ మావే, కట్టడం కూడా ఇస్తే తప్పేమిటి అనవచ్చు. తెగలు, చేపల పరిరక్షకులు అదే తీర్పు చూపి, కేంద్రం చేతిలో దస్తావేజు ఉన్నప్పుడే మా గతి ఇలా ఉంటే, అది కూడా పోయాక ఎవరిని అడగాలి అనవచ్చు. కేంద్ర సంస్థ ఒక పని చేసినప్పుడు పర్యావరణ చట్టాలు, సంప్రదింపుల నిబంధనలు వర్తిస్తాయి. స్థానిక సంస్థ తన సొంత డ్యాము తూము ఎత్తినప్పుడు వాటిలో కొన్ని వర్తించవు. ఈ ఆందోళనను ఊహాజనితమని కొట్టివేయలేం. స్లై పార్క్ లాంటి చిన్న, ఒంటరి జలాశయం విషయంలో బదిలీ సమంజసమే అని ఒప్పుకోవచ్చు. అనేకమంది ఆధారపడిన నది మీది జలాశయానికి ఆ సూత్రాన్నే అంటించడం కుదరదు.

కాంగ్రెసు కూడా దాదాపు ఇదే గీత గీసింది. 2019 మార్చిలో వచ్చిన డింగెల్ చట్టం, అర్హమైన కట్టడాలను ప్రతిసారీ కొత్త చట్టం లేకుండానే బదిలీ చేసే అధికారం బ్యూరోకు ఇచ్చింది. ముందుగా కాంగ్రెసుకు తెలియజేసి 90 రోజులు ఆగితే చాలు. కానీ బ్యూరో స్వయంగా నడుపుతున్న కట్టడాలను, కేంద్ర సంస్థలు అమ్మే విద్యుత్తును ఉత్పత్తి చేసే కట్టడాలను దాని నుంచి మినహాయించింది. హూవర్, షాస్టా లాంటివి ఈ దారిలో ఎవరికీ దక్కవు.

మన కృష్ణానది సంగతి చూస్తే ప్రవాహం ఎదురు దిశలో కనిపిస్తుంది. 2014 విభజన చట్టం కింద ఏర్పడిన కృష్ణా బోర్డు పరిధిలోకి ప్రాజెక్టులను తెస్తూ కేంద్రం 2021 జులై 15న గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. అక్కడ చర్చ పై నుంచి కిందికి ఇవ్వడం గురించి, ఇక్కడ రెండు రాష్ట్రాల చేతిలో ఉన్నదాన్ని పైకి అప్పగించడం గురించి. రెండింటి లోనూ తూము తాళం ఎవరి దగ్గర ఉండాలన్నదే తగవు.

టీటన్ డ్యాము ఏ రైతుల కోసం కట్టారో వారి సంస్థ ఫ్రీమాంట్–మాడిసన్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్. 2003లో కాంగ్రెసు ఆ డిస్ట్రిక్టుకు సంబంధించిన బదిలీ చట్టం ఆమోదించింది. దాని కింద క్రాస్ కట్ కాలువ, నీటిని మళ్లించే చిన్న ఆనకట్ట, టీటన్ ప్రాంతపు బోరుబావులు డిస్ట్రిక్ట్ సొంతమయ్యాయి. ఎగువన ఆ రైతులకు నీళ్లు నిల్వచేసి పెట్టే ఐలండ్ పార్క్ జలాశయం మాత్రం కేంద్రం పేరునే ఉండిపోయింది.